బెంచీకి అధ్యక్షురాలు

తార్నాక గేటు చాయ్ కొట్టు
12 నవంబరు 2025. పొద్దున మంచు కురిసింది. పాలగిన్నె తోమి రాస్తున్నాను.

యూనివర్సిటీ ఎస్టేట్ సూపరింటెండెంటు కొండలరావు గారికి నమస్కారాలు.

వలస పక్షుల చెరువుల సదస్సుకు వచ్చిన విదేశీయులతో నా బెంచీ మీద అనుమతి లేని సమావేశం జరుగుతోందని, బెంచీ తీసేస్తామని నోటీసు ఇచ్చారు. అది సమావేశం కాదు సార్. విరామంలో ఇద్దరొస్తారు. ఒకాయనది ద్వీపదేశం, ఇంకొకాయనది చలిదేశం. హాల్లో మొహాలు చూసుకోరట. ఇక్కడ ఒకే బిస్కెట్ విరుచుకుంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆ బెంచీ మీదే నా కొట్టు నడుస్తోంది.

విధేయుడు,
లక్ష్మీనర్సయ్య

తా.క.: నిన్న ఇద్దరూ ఏడు వేళ్లు చూపించారు. ఏడు చాయ్‌లు ఇచ్చాను. మొహమాటపడుతూ తాగారు.

ఎస్టేట్ విభాగం, 12 నవంబరు

శ్రీ లక్ష్మీనర్సయ్యకు,

చెరువుల పూడ్చివేత ఆపడానికి చలిదేశం పదేళ్ల గడువు, ద్వీపదేశం ఐదేళ్లు అంటూ సదస్సు మూడు రోజులుగా కదలడం లేదు. వారి సమయం మీ బెంచీయే తింటోంది. మనుషులు, మాటలు, ఉపాహారం ఉన్నాయి కనుక అది సమావేశమే. బెంచీ ఉండాలంటే జతపరచిన ఫారం నింపండి. అధ్యక్షుల పేరు తప్పనిసరి.

కొండలరావు

తా.క.: చాయ్‌లు ఏడు, మనుషులు ఇద్దరు. మిగతా ఐదుగురి పేర్లు పంపండి.

13 నవంబరు. ఎండ. పొయ్యి తుడిచాను.

అయ్యా,

మిగతా ఐదుగురు లేరు. బెంచీ దగ్గర అందరూ వినేది గ్లాసులు కడిగే పోచమ్మ మాట. "గ్లాసు గీడ పెట్టి లేవుండ్రి" అంటే ప్రొఫెసర్లు కూడా లేస్తారు. అధ్యక్షుల గడిలో ఆమె పేరు రాశాను.

లక్ష్మీనర్సయ్య

తా.క.: ఐదు గడులు ఖాళీగా ఉంచడం బాగోదని అడ్డంగా గీత కొట్టాను.

13 నవంబరు

శ్రీ లక్ష్మీనర్సయ్యకు,

సదస్సులో నమోదైన ప్రతి సమావేశపు అధ్యక్షులూ వేదికపై ఉండాలని నిబంధన కనుక, అధ్యక్షులు శ్రీమతి పోచమ్మ గారు రేపు ముగింపు సభలో వేదికపై కూర్చోవాలి. పేరుపలక సిద్ధం. అంతవరకు బెంచీ మా స్టోరులో ఉంటుంది.

కొండలరావు

తా.క.: ఆమె రాకపోతే బెంచీ కూడా రాదు.

14 నవంబరు. మబ్బు. చాయ్‌పొడి డబ్బా దులిపాను.

కొండలరావు గారికి,

పోచమ్మ వచ్చింది. సభలో మీరూ ఉన్నారు, కానీ ఆమె తెలుగు మాటలు విదేశీయులకు చెప్పిన పరిశోధక విద్యార్థిని నవత నాకు వివరంగా చెప్పింది. వాళ్లు మళ్లీ పది, ఐదు అనగానే పోచమ్మ ఏడు వేళ్లు ఎత్తిందట. "మొన్న గాడ బెంచీ మీద ఇద్దరూ ఏడు అన్నరు. ఏడు చాయ్‌లు గూడ తాగిండ్రు. ఇప్పుడు మల్ల ఏంది?"

వాళ్లు చూపించింది ఏళ్లట సార్. బెంచీ మీద ఎప్పుడో ఒప్పుకున్నారు. హాల్లో ఎవరు ముందు దిగిరావాలన్నదే తగువు. పోచమ్మ చెప్పాక ఎవరూ దిగాల్సిన పని లేకపోయింది. ఏడేళ్లకు సంతకాలయ్యాయి. ఆ ఇద్దరే స్టోరు నుంచి బెంచీని చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చారు.

లక్ష్మీనర్సయ్య

తా.క.: పోచమ్మ పేరుపలకను పాలగిన్నె మీద మూతగా పెట్టింది. గ్లాసులు ఇంకా కడగలేదు. బెంచీ మీద అచ్చం మీలాంటి పెద్దమనిషి ఒకరు కూర్చున్నారు. ఇటే చూసి రెండు వేళ్లు చూపిస్తున్నారు. చాయ్‌లో, ఏళ్లో అడిగొచ్చి రాస్తాను.