రీఅడ్మిషన్‌కి మగమనిషి కావాలట

నాన్నగారూ,

ఆసుపత్రిలో మీ దగ్గరుండి క్లాసులు మానేసినందుకు నన్ను డిటెయిన్ చేసిన తాడేపల్లిగూడెం కాలేజీవాళ్ళు, ఇవాళ రీఅడ్మిషన్‌కి మిమ్మల్నే తీసుకురమ్మన్నారు. మీరు పోయారని చెప్తే, "అయితే బాబాయో మావయ్యో, ఎవరో ఒక మగమనిషిని తీసుకురామ్మా. నువ్వు మళ్ళీ క్లాసులు మానవని హామీ ఇవ్వాలి" అన్నాడు హెచ్‌ఓడీ. కలిదిండిలో చేపలకు మేత వేసి మొదటి బస్సుకు వచ్చిన అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడకి కుర్చీ కూడా చూపించలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా అమ్మే అంది: "ఏవండీ, ఆయన పోయాక చెరువు నేనే చూస్తున్నానండీ. పిల్లకి సంతకం కూడా నేనే పెడతాను. హామీ మాత్రం ఇవ్వనండీ. రేపు నాకు బాగోకపోతే ఇది మళ్ళీ మానేస్తుంది."

సీటిస్తారో లేదో సోమవారం చెబుతారట. మళ్ళీ అమ్మనే తీసుకెళ్తాను.