కొత్త బొమ్మకు బొట్టు

గౌలిపుర,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు,

నీ పెద్దబిడ్డ అమల దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. పెళ్లిళ్ల రోజులు కదా, గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో నీ అల్లుడికి ఊపిరాడటం లేదు. నీ మనవరాలు స్రవ్యకు జ్వరం తగ్గింది, అల్లరి మాత్రం తగ్గలేదు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు నన్ను చెప్పనివ్వవు. అందుకే ఉత్తరం.

మా సర్కారు చిత్రశాలలో తెల్లదొరల బొమ్మలకు ఒంటి మీద బట్టలుంటాయా అని అడిగావు. కొన్నింటికి ఉంటాయి. లేనివాటి ముందు మన మగవాళ్లు అసలు నిలబడరు. పక్క బొమ్మ ముందు నిలబడి ఓరకంట అటు చూస్తారు. ఉద్యోగం పర్మనెంట్ అయిందా అని కూడా అడిగావు. అది చివర రాస్తాను. ముందు ఈ సంగతి విను.

పోయిన నెల ఇటలీ నుంచి మా చిత్రశాల ఒక బొమ్మను కొన్నది. మూడు వందల ఏళ్ల నాటిదట. ఒక ముసలామె చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, గాలి తగలకుండా రెండో అరచెయ్యి అడ్డం పెట్టి నడుస్తుంటుంది. అంతే. కానీ అమ్మా, ఆ వేళ్ల సందుల్లో వెలుగు ఎర్రగా, లోపలి నెత్తురు కనబడేట్టు ఉంటుంది! నాకు ఒళ్లు ఝల్లుమంది. బల్బు ఏమైనా పెట్టారేమోనని వంగి వెనక్కి చూశాను. వట్టి బట్టా, చెక్కా. నాతోపాటు ఆ హాలు కాపలా కాసే అంజన్న కూడా నోరు తెరిచి, "అక్కా, మనిషి చేసిన పనేనా ఇది?" అన్నాడు. అఫ్జల్‌గంజ్ నుంచి బేరగాళ్లు లొల్లి చేసుకుంటూ వస్తారు, దాని ముందుకు రాగానే గొంతులు తగ్గిస్తారు. ఎవరో ఏదో గీసిపోతే, ఏ దేశంలోనో పుట్టినవాళ్లు ఇన్నేళ్ల తర్వాత నోరు మూసుకుని నిలబడటం ఏమిటమ్మా! తలుచుకుంటే ఇప్పటికీ నాకు అంతు చిక్కదు.

ఇక చెప్పక తప్పదు. ఆ బొమ్మ పెట్టె విప్పిన రోజు అందరూ భోజనాలకు పోతూ నన్ను కాపలా ఉంచారు. బీరువా వచ్చినా, కుక్కర్ వచ్చినా, తమ్ముడి బండి వచ్చినా బొట్టు పెట్టకుండా నువ్వు గడప దాటనిచ్చావా? అంత దూరం నుంచి వచ్చిన ముసలామె బోసి నుదురుతో లోపలికి రావడం నాకు మనసొప్పలేదు. సంచిలో అమ్మవారి కుంకుమ ఉంది. నీళ్లతో తడిపి, బంగారు రంగు ఫ్రేము కింది మూలన ఉంగరం వేలితో చిన్న బొట్టు పెట్టాను.

మర్నాడు బొమ్మల బాగోగులు చూసే రచన మేడం ఆ ఎరుపు చూసి అందరినీ పిలిచింది. ఆ ఫ్రేముకు కూడా మూడు వందల ఏళ్లట. అంజన్నకు పాన్ అలవాటు. ఇంకేముంది, అందరి చూపూ అతని మీదే. మమ్మల్ని పనిలో పెట్టిన ఏజెన్సీ సూపర్‌వైజర్, "రేపటి సంది రాకు" అనేశాడు.

"పాన్ తింట సారూ, గట్లని బొమ్మ మీద ఊస్తనా? నా బిడ్డ సదువంతా గీ నౌకరీ మీదనే ఉన్నది," అని అంజన్న అందరి ముందూ ఏడ్చాడు.

నేను నోరు మెదపలేదమ్మా. భయపడ్డాను. మధ్యాహ్నం డబ్బా విప్పి, మళ్లీ మూసేశాను. లేచి మేడం దగ్గరికి వెళ్లాను.

"మేడం, గా మరక పాన్‌ది కాదు, కుంకుమ. నేనే పెట్టిన."

"ఎందుకు అమలా?"

"కొత్తగ వచ్చింది గదా మేడం. బొట్టు లేకుండ ఎట్ల రానిస్తం?"

ఆమె సగం నవ్వుతూ సగం తిట్టింది. తర్వాత దూదితో గంటల తరబడి కూర్చుని ఆ మరక తీసింది. బొమ్మకు ఏమీ కాలేదు. అంజన్నను మళ్లీ రమ్మన్నారు. నెలాఖరు దాకా ఉంచి నన్ను తీసేశారు. మేడం నా కోసం అడిగిందట. కానీ ఏ వస్తువునూ ముట్టుకోకూడదన్నది మాకు చెప్పిన మొదటి మాట. అన్యాయమని నేననను. నీ అల్లుడు మాత్రం, "పోతే పోయింది తీ, పూలు కడుదువు గని," అన్నాడు.

ఈ రోజు టికెట్ కొనుక్కుని వెళ్లాను. ఇన్నాళ్లూ మా పని బొమ్మను చూడటం కాదమ్మా, బొమ్మను చూసేవాళ్లను చూడటం. చెయ్యి పెడుతున్నారా, ఫోటో తీస్తున్నారా అని. ఈ రోజు అంజన్న నన్ను చూశాడు, నేను ఎదురుగా బల్ల మీద కూర్చుని ముసలామెను చూశాను. మూసే గంట కొట్టినా అతను నన్ను వెంటనే లేపలేదు. బయట మెట్లు దిగాక గానీ నాకు పని పోయిందన్న సంగతే గుర్తు రాలేదు.

ఇట్లు,
నీ బిడ్డ
అమల