సీసా మీద ‘తలకి’ అని రాయండి

అత్తయ్యగారూ,

మీరు ఫిజీ నుంచి పంపిన కొబ్బరినూనెతో మీ అబ్బాయి చేపలు వేయించుకున్నాడు. ఈసారి సీసా మీద ‘తలకి’ అని పెద్దక్షరాలతో రాసి పంపండి.

ఇక్కడ బ్రిస్బేన్‌లో మా వీధి షాపువాడు అమ్మే నూనెలన్నీ నాలాంటివాళ్ల జారే జుట్టుకే. అవి రాస్తే మీ మనవరాలు వసీతి ఉంగరాల జుట్టు కొబ్బరిపీచులా అయింది. నిన్న పొద్దున నేను దాన్ని బరబరా దువ్వబోతే, “గుండు కొట్టించెయ్యమ్మా!” అని ఏడ్చింది.

నా చెయ్యి ఆగిపోయింది. మీరు మా ఇంట్లో ఉన్నప్పుడు, దాని తల తాకే ముందు ప్రతిసారీ మీ ఫిజీ భాషలో “తులో” అని అనుమతి అడిగేవారు. అదీ పెద్దమనిషిలా తలూపేది.

దువ్వెన పక్కన పెట్టి నేనూ “తులో” అన్నాను. వసీతి ముక్కు తుడుచుకుంది. అచ్చం మీ గొంతుతో, “సరే, మెల్లగా కానీ” అని తల వంచింది.

తల తాకే అనుమతి దొరికిన
మీ కోడలు