పారేయమన్న ట్యూబు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకుండా చివరిదాకా చదువు.

రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో కొలిచే కొత్త పరీక్ష తయారుచేస్తున్నాం కదా. జబ్బులేని వాళ్ల రక్తంతో సరిచూసుకోవాలని ల్యాబులో మేమే తలా ఒక ట్యూబు ఇచ్చాం. పైన పేర్లుండవు, నంబర్లే. ఒకదాంట్లో మాత్రం ఎన్నిసార్లు చేసినా హార్మోన్ అడుగంటినట్టే వస్తోంది. రసాయనాలు మార్చాం, మిషన్ని తిట్టాం. "ఆ దరిద్రపు ట్యూబు పారేయండి సార్" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నిన్న ఆ నంబరు ఎవరిదా అని చూస్తే, నాది! పరీక్ష మొదట్నుంచీ నిజమే చెబుతోంది, జబ్బున్నది నాకే. సాయంత్రమే డాక్టరుకి చూపించుకున్నాను. మాత్రలిచ్చారు, రోజూ వేసుకుంటే చాలట.

వంటింటి కుళాయి బాగుచేయించారా? నా శాలువా పంపు. ఇక్కడ అందరూ చెమటలు కక్కుతుంటే నాకు చలేస్తోంది, అదీ ఈ జబ్బు లక్షణమేనట. అది విన్నప్పట్నుంచీ చెల్లే కళ్లముందుంది. ఎండలో దుప్పటి, రోజంతా నిద్ర, దువ్వెన నిండా జుట్టు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రక్తం తీయించు.

నాన్నకి నమస్కారాలు. చెల్లిని ఇక "నిద్రమొహమా" అంటూ నీళ్లు చల్లి లేపొద్దు. దానికి నిజంగానే చలి.

నీ పెద్దది