ఆరని చిలుక

కుందారపల్లి,
ఆగస్టు 12, 2024.

చిరంజీవి గుర్రప్పకు,

మారెమ్మ తల్లి నిన్నూ నీ భార్య రేణునూ చల్లగా చూడాలని పిల్లమ్మక్క దీవించి రాస్తున్నది. నా క్షేమం సంగతి నీకు తెలిసిందే. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, అందుకే ఈ రాత.

నిన్న హైవే పక్కన టీ కొట్టు దగ్గర నువ్వు తోలిన లారీని చూశాను. నా కొడుకు యశ్వంత్ రంగులేసిన వెనుక పలక మీద చిలుకలు రెండూ ఉన్నాయి. ఎడమ చిలుక అద్దంలా మెరుస్తోంది. కుడిదానికి వార్నిష్ పడకముందే వాడు పోయాడు కదా, ఎండకూ వానకూ దాని పచ్చరంగు వెలిసిపోయింది, ముక్కు దగ్గర పొరలు లేస్తున్నాయి. తాకితే వేలికి పచ్చటి పొడి అంటింది. కడుక్కోబుద్ధి కాలేదు.

వచ్చే వారం లారీకి ఎఫ్.సి., అదే ఫిట్‌నెస్ తనిఖీ అట. ఎప్పటిలాగే దానికి ముందు పాత రంగంతా గోకి కొత్తది వేస్తామని కొత్త డ్రైవరు చెప్పాడు. ఓనరు పురుషోత్తం నీ మాట ఇంకా వింటాడు. ఆ పలకను గోకనివ్వకప్పా. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరనివ్వు. పొర లేచిన చోట గరుకు ఉప్పుకాగితం మెల్లగా ఆనించు, గట్టిగా రుద్దితే ముక్కే పోతుంది. వార్నిష్ పలుచగా వెయ్యి. మందంగా వేస్తే కారి గడ్డ కడుతుందని వాడు అనేవాడు. మబ్బు రోజు వద్దు. నువ్వే వెయ్యి, వేరేవాళ్ల చేతికి ఇవ్వకు.

ఏడాదిగా నువ్వు స్టీరింగ్ ముట్టలేదని రేణు ఏడ్చింది. యశ్వంత్ పోయిన రోజు షెడ్డులో వాడే వెనుక నుంచి "రా" అంటేనే లారీ వెనక్కి తీశానని నువ్వు మొత్తుకున్నా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మా బావ బైరప్ప అయితే, సచ్చినోడు లేసొచ్చి సాక్షి చెప్తాడా, నోరు మూసుకోని పో అప్పా అని నీ ముఖం మీదే అన్నాడు. నేను గడపలో కూర్చునే ఉన్నాను.

ఇట్లు,
పిల్లమ్మ

తా.క. ఇది రాయకుండానే కవరు అంటిద్దామనుకున్నాను. ఆ వేళ వాడు ఫోన్‌లో నాతోనే ఉన్నాడు. తిండికి ఎప్పుడొస్తావు నాయనా అని అడుగుతున్నాను. తోటివాడెవడో పలక మీద చెయ్యి పెట్టబోయినట్టుంది, "ఆరలేదు రా, ఆరలేదు రా" అని అరిచాడు. ఆ తర్వాత ఇంజిన్ మోతే. ఆ మోతలో నీకు చివరి "రా" ఒక్కటే వినబడి ఉంటుంది. నువ్వు అబద్ధం చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. ఈ పొద్దు నేనే పోయి బైరప్పతో చెప్పాను. విని, తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

వార్నిష్ వేశాక, అది ఆరేదాకా లారీ తాళంచెవి నీ జేబులోనే పెట్టుకో.