ఎనిమిది మూళ్ల పక్కన ఒకటి

ఏప్రిల్ 9
వాల్యుయేషన్ క్యాంపు. నలభైమంది లెక్కల టీచర్లం, ఒక్కొక్కరి ముందు ఒక్కో పేపర్ల కట్ట. చీఫ్ మా అక్క మొగుడే. జవాబుల కీ తయారుచేసిందీ ఆయనే. పద్నాలుగో ప్రశ్న: 31, 331, 3331, ఇలా 33333331 దాకా ఏడూ ప్రైమ్ నంబర్లే, మరి 333333331? కీలో జవాబు: అదీ ప్రైమే. ఐదు మార్కులు. ఇరవై రెండు పేపర్లకి కళ్లు మూసుకుని వేసేశాను.

ఏప్రిల్ 10, ఉదయం 11:20
ఒక పేపరు దగ్గర చెయ్యి ఆగింది. ప్రైమ్ కాదని రాసి, మార్జిన్ కూడా వదలకుండా భాగహారాలు చేసుకుంటూ పోయారెవరో. 7తో పోలేదు. 11తో, 13తో పోలేదు. 17తో పోయింది. భాగఫలం 19607843, శేషం సున్నా.

తిరగేసి గుణించాను. మళ్లీ గుణించాను. ఛీ, సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఏడుసార్లు అయింది కాబట్టి ఎనిమిదోసారీ అవుతుందని ఎలా నమ్మానో!

పేపరు మీద పేరుండదు, కోడ్ ఒక్కటే. మిగతా ప్రశ్నలన్నీ కలిపి 31. పాసవ్వాలంటే 35 రావాలి.

సాయంత్రం 6:00
బావగారికి చూపించాను. మరదలి తెలివితేటలకి దండం పెట్టాలని నవ్వారు. తర్వాత తనే గుణించి చూసుకున్నారు. మొహం మాడిపోయింది. కీ అన్ని సెంటర్లకీ వెళ్లిపోయిందట. రిటైర్మెంటుకి రెండు నెలలే ఉందట. నోరు మూసుకుని కీ ప్రకారం సున్నా వెయ్యమన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క ఫోను. ఊరూ పేరూ తెలియనివాళ్ల కోసం సొంత బావ పరువు తీస్తావటే అని అరిచింది. ముందు ఆయన్ని భాగహారం నేర్చుకోమని చెప్పాను. ఫోను పెట్టేసింది.

ఏప్రిల్ 11
ఐదు వేశాను.

ఏప్రిల్ 12
చీఫ్‌లు వాడే ఆకుపచ్చ ఇంకుతో బావగారు నా ఐదుని కొట్టేసి సున్నా పెట్టారు. పక్కనే మళ్లీ ఐదు వేసి సంతకం చేశాను. కట్ట లాక్కున్నారు. రేపట్నుంచి రావక్కర్లేదన్నారు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకాన్నట, నేను! ఒళ్లు మండింది.

వెళ్తూ వెళ్తూ బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి రాశాను: 17 × 19607843 =

జవాబు రాయలేదు. సగంలో వదిలేసిన లెక్క కనిపిస్తే మా లెక్కల టీచర్ల జాతికి చెయ్యి ఊరుకోదు. అదో జబ్బు.

ఏప్రిల్ 13
పక్క బెంచీ టీచర్ ఫోన్ చేసింది. మధ్యాహ్నం దాకా ఒక్క కట్టా కదల్లేదట. బావగారు డస్టర్ పట్టుకుని బోర్డు దగ్గరికెళ్తే, కీ సంగతేమిటో తేల్చమని ముప్పై తొమ్మిది మందీ ఒక్కసారే లేచి నిలబడ్డారట. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను కదా, ఈల వేశాను.

ఏప్రిల్ 15
సవరించిన కీ ఇంటికే వచ్చింది, బావగారి సంతకంతో. భాగించి చూపినవాళ్లకి ఐదు. ఇదివరకు వేసినవి తియ్యరు. ఆ పేపరుకి 36.

కింద పెన్సిల్‌తో నాకో ముక్క రాశారు. ముందు ఇంకో 3 చేరిస్తే వచ్చే 3333333331 కూడా ప్రైమ్ కాదట. 673తో చూడమన్నారు.

చూశాను. పోయింది.