పదు గడ్డం ఎవరు గీయాలి

కటక్ నగరంలో వెండి తీగపని చేసి బతికిన కీర్తిశేషుడు అర్తత్రాణ సాహు పెద్దకొడుకు కుళమణి సాహు అను నేను, డెబ్బయ్యో ఏట, పూర్తి తెలివితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా కుడి చెయ్యీ కుడి కాలూ మొన్న మాఘమాసంలో పడిపోయాయి. మూతి కొంచెం వంకర పోయింది. బుద్ధి వంకర పోలేదని డాక్టరు కానుంగో గారు పరీక్షించి చెప్పారు, కింద సంతకం కూడా చేస్తారు. ఈ వీలునామా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇంతకుముందు మరే వీలునామా రాయలేదు.

రాస్తున్నవాడు మా వీధిలో దస్తావేజులు రాసే గోలక్ మహంతి. "ఇవి వీలునామాలో పెట్టే మాటలు కావు కుళమణి బాబూ" అని ఇప్పటికే రెండుసార్లు కలం కింద పెట్టాడు. రెండుసార్లూ మళ్ళీ పట్టించాను.

1. నేను కాపురముంటున్న ఇంట్లో నా వంతు సగభాగం, అంటే రెండు గదులు, వంటిల్లు, పెరడు, నూతిలో సగం హక్కు, నా కొడుకు పద్మలోచన్ సాహుకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. వాణ్ణి అందరూ పదు అంటారు. వాడికి ముప్పయ్యెనిమిదేళ్ళు. మాటలు ఓ పాతిక వచ్చు. ఆకలేస్తే అడుగుతాడు, వానొస్తే ఆరేసిన బట్టలు తీసుకొస్తాడు, తలుపు గడియ పెట్టడం మర్చిపోడు. అంతకుమించి వాడి బుద్ధి ఎదగలేదు. వాడు బతికున్నంతకాలం ఈ ఇల్లు అమ్మడానికి గాని తాకట్టు పెట్టడానికి గాని ఎవరికీ హక్కు లేదు. వాడికి సంరక్షకురాలు నా కూతురు ఝరణ. వాడి తదనంతరం ఇల్లు ఆమెది.

2. నా భార్య, కీర్తిశేషురాలు సునామణి, ఒంటిమీద వేసుకున్న వెండి అంతా ఝరణకే చెందుతుంది. అందులో నెమలి దువ్వెన మా పెళ్ళికి నేను స్వయంగా చేసింది. దాని తోకలో ఒక ఈక తక్కువ. ఆత్రంలో లెక్క తప్పాను. సునామణి కనిపెట్టింది గాని, ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నాతో అనలేదు. చివరి వారం ఆసుపత్రిలో నవ్వుతూ చెప్పింది. దాన్ని బాగుచేయించవద్దు.

3. నా తమ్ముడు ఇంద్రమణికి మా నాన్నగారి కమ్మచ్చు. దానిలోంచి లాగితే వెండి వెంట్రుకంత సన్నటి తీగవుతుంది. నాన్నగారు పోయాక దాన్ని ఇంద్రమణి అడిగాడు. పోయిందన్నాను. పోలేదు, నా మంచం కింద రేకుపెట్టెలో ఉంది.

ఇంద్రమణి గురించి ఇంకా చెప్పాలి.

మా నాన్నగారు వారానికోసారి కాఠజోడి నది గట్టు మీద మంగలి ముందు కూర్చునేవారు. గడ్డం సంగతులు కొడుకులతో మాట్లాడే మనిషి కాదు. పదహారో ఏట నేను ఎవరికీ చెప్పకుండా, పని నేర్చుకునే దుకాణంలో వాడి పారేసిన బ్లేడు తెచ్చుకుని, పెరట్లో చన్నీళ్ళతో గీసుకున్నాను. సబ్బు రాసుకోవాలని కూడా తెలియదు. మూడు చోట్ల తెగింది. మర్నాడు మా గురువు చూసి, "ఏరా, పిల్లితో పోట్లాడొచ్చావా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. ఆ అవమానం నా తమ్ముడికి వద్దనుకున్నాను. వాడికి ఆ వయసు వచ్చినప్పుడు పీట మీద కూర్చోబెట్టి, చెంప బిగించి పట్టి, వెంట్రుక ఎటు వాలితే అటే గీయాలని నేర్పాను. "అన్నా, గొంతు దగ్గర మాత్రం నువ్వే గియ్యి" అనేవాడు. నాలుగు నెలలు గొంతు దగ్గర నేనే గీశాను.

పదుకు పదిహేడో ఏట గడ్డం వచ్చింది. అప్పుడే ఇంద్రమణి కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందురోజు వాడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, పెళ్ళివాళ్ళ ముందు వీడిలా తిరిగితే ఏం బావుంటుంది చెప్పు? కాస్త మనిషిలా చేయిద్దాం" అన్నాడు. మంగలి కైలాస్ బారిక్‌ను పిలిపించాడు. కత్తి చూసి పదు పెరట్లోకి పరిగెత్తాడు. పట్టుకొచ్చారు. చెవి కింద నుంచి దవడ దాకా తెగింది. పెళ్ళి ఫోటోల్లో వాడు లేడు.

ఆ రోజు నుంచి ఇరవయ్యొక్కేళ్ళు నేను ఇంద్రమణితో మాట్లాడలేదు. ఒకే గోడకు అటు వాళ్ళ వంటిల్లు, ఇటు మాది. వాళ్ళింట్లో పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. అయినా మాట్లాడలేదు. ఎవరడిగినా, "నా కొడుకు కాళ్ళు పట్టుకుని కింద పడేశాడు" అని చెప్పాను. కాళ్ళు ఇంద్రమణి పట్టుకున్న మాట నిజమే. తల ఎవరు పట్టుకున్నారో నేనెవరికీ చెప్పలేదు. తల నేను పట్టుకున్నాను. నా రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, రెండు చేతులతో అదిమి పట్టాను. నా మొహం వాడికి కనపడలేదు. అందుకే వాడు "బాపా! బాపా!" అని సాయానికి నన్నే పిలిచాడు.

ఇది కాగితం మీద ఉండాలి. గోలక్ మహంతీ, కొట్టెయ్యకు.

4. సదరు కైలాస్ బారిక్‌కు నేను చేసిన వెండి తీగ భరిణె. పెళ్ళి మర్నాడు నేను అతన్ని వాకిట్లోనే నిలబెట్టి తిట్టాను. అంతా విని, "తప్పు నా చేతిది కాదు బాబూ, మీ చేతులది. కదిలే మనిషికి గీయొచ్చు, అదిమి పట్టిన మనిషికి గీయలేం" అన్నాడు. ఆ మాటకు అతన్ని మళ్ళీ గడప ఎక్కనివ్వలేదు. అతను చెప్పింది నిజం.

5. నా గడ్డం పెట్టె, అందులోని రేజరు, కుంచె, ఇత్తడి గిన్నె పదుకే. వాటిని వాడి ఎదురుగా ఉన్న గూట్లోంచి ఎవరూ మార్చకూడదు. ఎందుకో చెబుతాను.

పెళ్ళి తర్వాత రెండేళ్ళు వాడి గడ్డం ఎవరూ ముట్టుకోలేకపోయారు. కత్తెర చప్పుడైతే చెవులు మూసుకునేవాడు. వేసవిలో చెమటకి చర్మం పేలి, రక్తం వచ్చేలా గోక్కునేవాడు. అప్పుడు సునామణి నాతో, "వాడికేమీ నేర్పకు. రోజూ వాడి ముందు కూర్చుని నువ్వు గీసుకో. అంతే" అంది. అలాగే చేశాను. మొదట్లో గది అవతలి మూల నుంచి చూసేవాడు. కొన్ని నెలలకి దగ్గరికొచ్చి గిన్నెలో నురగ ముట్టుకున్నాడు. తర్వాత ఆ నురగ నా మొహానికి రాయడం మొదలుపెట్టాడు. బ్లేడు తీసేసిన రేజరు ఇచ్చాను. ఒక ఏడాదిపాటు నా చెంపల మీద ఉత్త రేజరు లాగాడు. ఒకరోజు బ్లేడు బిగించి చేతికిచ్చాను. సునామణి చూడలేక వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

గెడ్డం కింద తెగింది. వాడు రేజరు పారేసి, తన చొక్కా విప్పి నా మొహం తుడిచి, "బాపా, బాపా" అని ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. ఆ మర్నాడూ కూర్చున్నాను. దసరాకి అమ్మవారి వెనక నిలబెట్టే వెండి తోరణానికి నలభై ఏళ్ళు తీగ అల్లినవాణ్ణి. చేతి పని అంటే నాకు తెలుసు. వాడి చెయ్యి నాకంటే నిదానం.

వాడి ఇరవై రెండో ఏట ఒక ఉదయం, నాకు గీయడం అయిపోయాక, రేజరు కడిగి నా చేతిలో పెట్టాడు. ఎదురుగా నేల మీద కూర్చుని, గెడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. చెవి కింద ఆ పాత మచ్చ కనపడుతోంది. మచ్చ పక్కనుంచి మొదలుపెట్టి గీశాను. వాడు కదల్లేదు.

తనంతట తాను గీసుకోవడం మాత్రం నేర్పలేకపోయాను. అద్దం ముందు నిలబెడితే అద్దానికి నురగ రాస్తాడు. వాడి దృష్టిలో ముందు వాడు ఎదుటివాడికి గీయాలి, తర్వాత ఎదుటివాడు వాడికి గీయాలి. పదహారేళ్ళు రోజూ ఉదయం అలాగే జరిగింది. వాళ్ళమ్మ పోయిన రోజొక్కటే తప్పింది.

6. ఇప్పుడు నా కుడి చెయ్యి లేదు. వాడు ఇవాళ కూడా నాకు గీశాడు, వంకర పోయిన మూతి దగ్గర మరీ జాగ్రత్తగా. తర్వాత రేజరు నా ఒళ్ళో పెట్టి, గెడ్డమెత్తి కూర్చున్నాడు. ఒక్కోరోజు గంట కూర్చుంటాడు. ఆకలేసినప్పుడు లేస్తాడు. చైత్రంలో ఒకసారి ఎడం చేత్తో ప్రయత్నించాను. దవడ మీద లోతుగా తెగింది. వాడు అరవలేదు. నెత్తురు కారుతుంటే రేజరు కడిగి మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. నేనే ఇక వద్దన్నాను. ఇప్పుడు గడ్డం గొంతు కప్పేసేలా ఉంది. కింద చర్మమంతా పుళ్ళు. శుభ్రంగా ఉంచకపోతే లాభం లేదని డాక్టరుగారు మందులిచ్చిన ప్రతిసారీ చెబుతున్నారు.

నా అల్లుడు అక్షయ్ జాజ్‌పూర్‌లో బడిపంతులు, మంచివాడు. "మామయ్యగారూ, నేను కూర్చుంటాను" అని కూర్చున్నాడు. చెంపలు బాగానే గీశాడు పదు. బ్లేడు గొంతు దగ్గరికి వచ్చేసరికి అక్షయ్ గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నాడు. అంతే. పదు మళ్ళీ అతని దగ్గరికి రాలేదు. అల్లుణ్ణి నేను తప్పు పట్టను. అతనికి ఇద్దరు పిల్లలున్నారు, గొంతు మీద భయం ఉంటుంది. నా చేతి గడియారం అతనికి.

రథయాత్ర మర్నాడు ఉదయం ఇంద్రమణి మా గడప ఎక్కాడు. పదుకు ఎదురుగా కూర్చుని, గెడ్డం పైకెత్తాడు. పదు చాలాసేపు చూశాడు. నురగ చేశాడు, తమ్ముడి మొహానికి రాశాడు, రేజరు అందుకున్నాడు. తర్వాత రేజరు కింద పెట్టి, తువ్వాలు తడిపి నురగంతా తుడిచేసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇవాళ్టికి ముప్పై రెండు రోజులు. ఇంద్రమణి రోజూ వస్తున్నాడు. పదు రోజూ నురగ రాస్తాడు, రోజూ తుడిచేస్తాడు. మొన్న తమ్ముడు, "వాడు మర్చిపోలేదన్నా" అన్నాడు. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత నాతో వాడన్న మొదటి మాట అది. "మనం మర్చిపోయామా?" అన్నాను. నీళ్ళలో నానిన పఖాళ అన్నం పెట్టిస్తే తిని వెళ్ళాడు.

ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత సదరు ఇంద్రమణికే అప్పగిస్తున్నాను. ఇల్లెవరిదో చట్టం చెబుతుంది, వెండెవరిదో చెబుతుంది. నా కొడుకు ముందు రోజూ గొంతెత్తి కూర్చోమని ఏ మనిషినీ ఏ కోర్టూ ఆజ్ఞాపించదు. నేనూ ఆజ్ఞాపించడం లేదు. అడుగుతున్నాను. ముప్పై మూడో రోజు కూడా రమ్మని తమ్ముణ్ణి అడుగుతున్నాను. వాడికీ అరవయ్యారేళ్ళు. వాడి తర్వాత ఎవరో నాకు తెలియదు. ఇక్కడ ఏం రాయమంటావని గోలక్ మహంతి అడుగుతున్నాడు. ఖాళీగా వదిలెయ్యమన్నాను.

7. నేను పోయిన ఉదయం నన్ను తీసుకెళ్ళే ముందు పదు పెట్టె తెచ్చుకుంటే అడ్డుపడకండి. నాకు గీయనివ్వండి. గీశాక వాడు నా ఎదురుగా కూర్చుని గెడ్డం ఎత్తుతాడు. అప్పుడు లేవమని ఎవరూ తొందరపెట్టవద్దు. శవం ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

8. పదోరోజు గట్టు మీద కొడుకు తల, మీసం, గడ్డం గొరిగించాలి. కైలాస్ బారికే వస్తాడు. పదు ఒప్పుకోడు. కొడుకు క్షవరం కాకపోతే పోయినవాడికి మైల వదలదని, దారి దొరకదని పురోహితుడు అంటాడు. ఆయన శాస్త్రం ఆయన చెబుతాడు, నేను కాదనను. వదలకపోతే నా మైల నాకే ఉంటుంది. దారి దొరక్కపోతే ఆ గట్టు మీదే ఉంటాను. వాణ్ణి మాత్రం పట్టుకోవద్దు. తల పట్టుకోవద్దు, కాళ్ళు పట్టుకోవద్దు. ప్రేమతో కూడా పట్టుకోవద్దు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకుని, సంతకానికి చెయ్యి రానందున ఎడమ బొటనవేలి ముద్ర వేశాను.

కటక్, 2004 జులై 21, బుధవారం.

కుళమణి సాహు (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
డాక్టర్ సరోజ్ కానుంగో
షేక్ మొయినుద్దీన్, పొరుగింటివాడు

రాసినవాడు: గోలక్ మహంతి. కొట్టివేతలు లేవు. ఆరో అంశం చివర ఖాళీ, రాయించినవారి కోరిక మీద వదిలినది.